రిపోర్టులో వయసు చూడని గీత

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా నాన్నగారికి 81 ఏళ్లు. రోజూ పొద్దున్నే చెరువు కట్ట దాకా నడిచి వస్తారు. నిరుడు వేసవిలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ఒళ్లంతా పరీక్ష చేయిస్తే థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్ అనే హార్మోను 6.1 అని, పక్కన పైకి చూపే బాణంతో రిపోర్టు వచ్చింది. మర్నాడే థైరాయిడ్ మాత్ర మొదలైంది. మూడు వారాలకు గుండె దడ, నిద్రలేమి. మరో డాక్టరు గారు మాత్ర మాన్పించి, రెండు నెలలాగి మళ్లీ రక్తం తీయిస్తే 4.9 ఉంది. దానికీ బాణమే, ఎందుకంటే ముప్పై ఏళ్ల కుర్రాడికీ ఎనభై దాటిన మనిషికీ ఆ ల్యాబ్ గీసిన గీత ఒక్కటే, 4.5.

నార్మల్ రేంజ్ అంటే సాధారణంగా ఆరోగ్యవంతుల ఫలితాల్లో నడుమనున్న 95 శాతం మాత్రమే కనుక, ఏ జబ్బూ లేని ప్రతి 20 మందిలో ఒకరు దానికి బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేస్తే, నిక్షేపంలాంటి మనిషికైనా కనీసం ఒక్క బాణం పడే అవకాశం 64 శాతం. పైగా టీఎస్‌హెచ్, ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్ష ఫలితం వయసుతో సహజంగానే పెరుగుతాయి. మగవారికి ఈఎస్‌ఆర్ వయసులో సగం దాకా ఉండవచ్చని డాక్టర్ల నోటిలెక్క ఒకటి ఉంది. టీఎస్‌హెచ్ అయితే ఒకే మనిషిలో రాత్రికీ మధ్యాహ్నానికీ మారుతుంది. కొద్దిగా పెరిగిన టీఎస్‌హెచ్‌కు మాత్ర వాడినందువల్ల 65 దాటినవారి నీరసంలో, ఇతర లక్షణాల్లో మెరుగుదల లేదని 2017లో వెలువడిన ‘ట్రస్ట్’ (TRUST) అనే వైద్య అధ్యయనం తేల్చింది. హిమోగ్లోబిన్ తగ్గితే మాత్రం వయసు మీదికి నెట్టేయకూడదు, కారణం వెతకాల్సిందే. అన్నిటినీ ముసలితనం ఖాతాలో వేయమని నేను అడగడం లేదు.

2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా పరీక్షలు చేస్తున్న మీ శాఖే ముందుగా, 65 దాటినవారి రిపోర్టుల్లో ఆధారాలున్న పరీక్షలకు వయసుకు తగిన పరిమితులనూ, అదే మనిషి పాత ఫలితాన్నీ కొత్తదాని పక్కనే ముద్రించాలని, స్వల్ప తేడా ఉన్నప్పుడు మందు రాసేముందు మరోసారి పరీక్షించాలని డాక్టర్లకు సర్క్యులర్ పంపాలని, ప్రైవేటు ల్యాబ్‌లకూ ఈ పద్ధతినే సూచించాలని కోరుతున్నాను. నాన్నగారి రిపోర్టులు రెండూ నా దగ్గరే ఉన్నాయి. మీ కార్యాలయం అడిగితే పంపుతాను.

ఇట్లు,
ఒక పౌరుడు