16 అంగుళాల ఫ్లోర్ టామ్ షెల్ అంచులో తయారీ లోపం: వారంటీ నిరాకరణపై ఫిర్యాదు

ఒంగోలు,
ప్రకాశం జిల్లా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఐదు డ్రమ్ముల బర్చ్ (ఒక రకం చెక్క) కిట్‌లోని ఫ్లోర్ టామ్‌ను (కాళ్ల మీద నేలపై నిలబెట్టే డ్రమ్మును) వారంటీ కింద మార్చడానికి మీరు ఒప్పుకోకపోవడం గురించి.

అయ్యా,

మీ సర్వీసు విభాగం పంపిన ఈమెయిల్ అందింది. ఫ్లోర్ టామ్‌లో తయారీ లోపం ఏమీ లేదనీ, నేను ట్యూనింగ్ సరిగా చేసుకోకపోవడం వల్లా సముద్రతీరపు తేమ వల్లా శబ్దం తేడాగా వస్తోందనీ, కాబట్టి వారంటీ వర్తించదనీ రాశారు. డ్రమ్మును మీ మనిషి ఒక్కరూ వచ్చి చూడలేదు. నేను పంపిన వీడియోలు కూడా చివరిదాకా చూసినట్టు లేదు, చూసి ఉంటే ఈ జవాబు వచ్చేది కాదు. అందుకే ఈసారి అన్నీ వివరంగా రాస్తున్నాను. దయచేసి ఈ లేఖను ఫోన్లు ఎత్తేవాళ్ల దగ్గర ఆపకుండా, ఫ్యాక్టరీలో షెల్స్ (డ్రమ్ముల చెక్క గుల్లలు) అంచులు కోసే పని తెలిసినవాళ్లకు చూపించండి.

నేను డ్రమ్స్ వాయించి బతికేవాణ్ణి. పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రాలు, శ్రీరామనవమి పందిళ్లు, డిసెంబరు వస్తే చర్చిల్లో క్రిస్మస్ కార్యక్రమాలు, మధ్యమధ్యలో భక్తిపాటల రికార్డింగులు. ఈ రోజుల్లో చాలా ఆర్కెస్ట్రాలు ఎలక్ట్రానిక్ ప్యాడ్స్‌తోనే పని కానిచ్చేస్తున్నాయి. అయినా అసలు డ్రమ్ములే కావాలని అడిగేవాళ్లు ఉన్నారు, ఆ శబ్దం కోసమే నన్ను పిలుస్తారు. రికార్డింగులో బర్చ్ షెల్ దెబ్బ స్పష్టంగా, బిగువుగా పడుతుందని తెలిసే, అప్పు చేసి మరీ మీ కిట్ కొన్నాను. కిక్ (కాలితో కొట్టే డ్రమ్ము), స్నేర్ (కింద తీగలుండే డ్రమ్ము), రెండు చిన్న టామ్‌ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 12 అంగుళాల టామ్ అయితే నేను ఇంతవరకు వాయించినవాటిలో మంచిదని ఎవరడిగినా చెబుతాను. ఒకే కిట్‌లో ఒక డ్రమ్ము అంత బాగా, ఇంకోటి ఇంత అన్యాయంగా ఎలా వచ్చిందన్నదే నా బాధ.

ఇక లోపం సంగతి. ఫ్లోర్ టామ్ మీద ఒక్క దెబ్బ వేసి వదిలేస్తే, మోత సాఫీగా తగ్గుతూ పోవాలి. ఇది మాత్రం ‘వావ్ వావ్ వావ్’ అని ఊగుతూ పోతుంది. రిమ్ముకు (స్కిన్‌ని, అంటే డ్రమ్ము పొరను పట్టి ఉంచే వలయానికి) అంగుళం లోపల, ఒక్కో లగ్గు (బిగింపు రాడ్డు షెల్‌కి పట్టే చోటు) దగ్గర స్టిక్ కొనతో తట్టి ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూశాను. ఆరు లగ్గుల దగ్గర 130 హెర్ట్జ్ దరిదాపుల్లో ఉంది. పక్కపక్కనే ఉన్న మిగతా రెండింటి దగ్గర 126 దాటదు. పోనీ ఆ రెండు రాడ్లూ ఇంకాస్త బిగిద్దామంటే, ఎదురువైపు శ్రుతి కూడా పైకి పోతుంది, తేడా మాత్రం అలాగే ఉంటుంది. ఒకే స్కిన్ మీద నాలుగు హెర్ట్జ్ తేడాతో రెండు శ్రుతులు మోగితే, అవి కలిసి సెకనుకు నాలుగుసార్లు ఊగుతాయి. వింటున్నది ఆ ఊగే.

ఇది కేవలం శబ్దం అందానికి సంబంధించిన విషయం అనుకోకండి. లయనే చెడగొడుతుంది. మా దగ్గర జానపదాలకీ, జాతర పాటలకీ డప్పు పోషించే పాత్ర కిట్‌లో ఫ్లోర్ టామే పోషించాలి. ఎక్కువ పాటలు తిస్రంలో నడుస్తాయి. క్లిక్ (వేగం చూపే మెట్రోనోమ్ టిక్కు) నిమిషానికి 100 అనుకుందాం. అంటే ఒక్కో దెబ్బకు 600 మిల్లీసెకన్లు, అందులో మూడు మాత్రలు, మాత్రకు 200. ఈ డ్రమ్ము ఊగు ఒక్కోటి 250 మిల్లీసెకన్లు. పాట సెకనుకు ఐదు మాత్రలు నడుస్తుంటే, నేను వేయని నాలుగు పోట్లు డ్రమ్ము తనంతట తానే కలుపుతోంది. నా చెయ్యి క్లిక్ మీదే పడుతుంది, వినేవాడికి మాత్రం డ్రమ్మర్ తడబడుతున్నట్టు ఉంటుంది. తాళంలో నిలకడ ఉంటేనే మాకు మళ్లీ పిలుపు వస్తుంది. ఆ పేరు పోతే తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

బహిరంగ స్టేజీ మీద, పెద్ద సౌండ్ బాక్సుల మధ్య, ఈ లోపం చాలావరకు కొట్టుకుపోతుంది. అందుకే కొన్న వెంటనే ఇది బయటపడలేదు. స్టూడియోలో కూర్చున్నాక దాగదు. అక్కడ కిక్‌కి ఒక మైకు, స్నేర్‌కి ఒకటి, టామ్‌లకు విడివిడిగా, పైన రెండు ఓవర్‌హెడ్‌లు పెడతాం. ఆ రెండూ స్నేర్ నడిమధ్య నుంచి సమాన దూరంలో ఉండాలని దారం పట్టి కొలిచి మరీ బిగిస్తాం. శబ్దం మిల్లీసెకనుకు ఇంచుమించు ఒక అడుగు పోతుంది, కాబట్టి మైకులు అర అడుగు అటూ ఇటూ అయినా స్నేర్ దెబ్బ పలచబడిపోతుంది. ఇంత జాగ్రత్తగా అమర్చుకున్న మైకులు ఫ్లోర్ టామ్ ఊగును కూడా అంతే జాగ్రత్తగా పట్టుకున్నాయి. సౌండ్ ఇంజినీరు ఈక్యూలో (ఒక్కో శ్రుతి స్థాయి పెంచి తగ్గించే చోట) తగ్గించి చూశారు. రెండు శ్రుతులూ అంత దగ్గరగా ఉంటే ఒకటి ఉంచి ఇంకోటి తీసేయడం కుదరదు. స్కిన్ మీద జెల్ ముక్కలు అంటిస్తే ఊగుతోపాటు మోత కూడా చచ్చిపోయింది. దీనికి తోడు, ఫ్లోర్ టామ్ కొట్టినప్పుడల్లా స్నేర్ కింది తీగలు జరజరమంటాయి. మామూలుగా అయితే టామ్ శ్రుతి కొంచెం మార్చి స్నేర్ శ్రుతికి దూరం జరిపితే ఆ గోల తగ్గుతుంది. దీనికి రెండు శ్రుతులు, ఒకదాన్ని తప్పిస్తే రెండోది తగులుకుంటుంది. చివరికి ఆ పాటలో ఫ్లోర్ టామ్ దెబ్బలన్నీ తీసేసి కంప్యూటర్లో ఉన్న శాంపిల్ పెట్టారు. నన్ను పిలిచింది అసలు డ్రమ్ము వాయించమని.

నాకు ట్యూనింగ్ రాదన్న మాటకు వస్తాను. రెండు స్కిన్‌లూ విప్పి, అంచు మెత్తటి బట్టతో తుడిచి, స్కిన్ నడిమికి చేర్చి, రాడ్లన్నీ ముందు వేళ్లతోనే తగిలేదాకా తిప్పి, ఆ తర్వాత డ్రమ్ కీతో ఎదురెదురుగా అర చుట్టు చొప్పున బిగించుకుంటూ వస్తాను. ఏ డ్రమ్మరైనా చేసేది ఇదే. ఊగు పోకపోయేసరికి ఒక్కోటీ మార్చి చూశాను. స్కిన్ విప్పి సగం చుట్టు తిప్పి మళ్లీ వేశాను. వదులు చోటు స్కిన్‌తోపాటు కదల్లేదు. కొత్త స్కిన్, అదీ వేరే కంపెనీది, తెచ్చి వేశాను. అదే చోట వదులు. రిమ్ము వంకరేమోనని దాన్నీ తిప్పాను. అదే చోట. రాడ్లు అటువీ ఇటు మార్చాను. ఏది మార్చినా ఆ రెండు లగ్గుల దగ్గరే శ్రుతి పడిపోతోంది. ఇక మిగిలింది షెల్ ఒక్కటే.

షెల్ అంచు సమంగా ఉందో లేదో తేల్చాలంటే బల్లపరుపుగా ఉండే రాయి కావాలి. మా జిల్లాలో దానికేం కొదవ లేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా పోతుంది. తెలిసినవాళ్ల పాలిషింగ్ యూనిట్‌కి షెల్ తీసుకెళ్లి, పాలిష్ పూర్తయిన పలక మీద బోర్లించాం. లోపల ఫోన్ టార్చి వెలిగించి, షెడ్డులో లైట్లు ఆర్పాం. కింది అంచు పెట్టినప్పుడు చుట్టూ చీకటే, ఎక్కడా వెలుగు రాలేదు. పై అంచు పెట్టగానే ఒకవైపు జానెడు పొడవున సన్నగా వెలుగు గీత కనబడింది. అది సరిగ్గా నేను చెప్పిన ఆ రెండు లగ్గుల కిందే. రాతిలో పల్లం ఉందేమోనని షెల్‌ని పావు చుట్టు తిప్పాం. వెలుగు గీత షెల్‌తోపాటే తిరిగింది. అదే పలక మీద 12 అంగుళాల టామ్ పెడితే రెండు అంచులూ వెలుగు రానివ్వలేదు. బైకు మెకానిక్ టాపెట్ సెట్ చేసే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) తెచ్చి ఆ సందులో దూర్చితే 0.35 మిల్లీమీటర్ల రేకు పోయింది, 0.40ది పోలేదు. వీడియో జతచేస్తున్నాను.

అసలు రుజువు ఇంకోటి ఉంది. దీన్ని మీ పనివాళ్లు తప్పకుండా చూడాలి. ఆ పల్లం ఒక కొసన వేలితో తడిమితే చిన్న మెట్టు తగులుతుంది. అంచు కోసే మిషన్ చుట్టు పూర్తిచేసి మొదలుపెట్టిన చోటికి వచ్చి కలిసినప్పుడు, ఎత్తు సమంగా లేకపోతే పడే గుర్తు అది. ఆ మెట్టు మీదా, పల్లంలోనూ వార్నిష్ పొర చెక్కుచెదరకుండా, మిగతా అంచు మీద ఎలా ఉందో అలాగే ఉంది. నా దగ్గరికి వచ్చాక అంచు అరిగినా, దెబ్బ తగిలి లొత్త పడినా, వార్నిష్ లేచిపోయి పచ్చి చెక్క కనబడాలి. పల్లం ముందు, వార్నిష్ తర్వాత. వార్నిష్ వేసేది మీ ఫ్యాక్టరీలో. దగ్గరి నుంచి తీసిన ఫొటోలు పంపుతున్నాను, పెద్దవి చేసి చూడండి.

తేమ విషయం. సముద్రం మాకు దగ్గరే, కొత్తపట్నం బీచికి బండి మీద వెళ్లొస్తాం. టెన్షన్ రాడ్లకు తుప్పు పడితే అది ఉప్పుగాలి పని అని నేనే ఒప్పుకుంటాను, ప్రతి కార్యక్రమం తర్వాత తుడిచి నూనె రాస్తాను కూడా. మా డప్పు వాయించేవాళ్లు వాయించబోయే ముందు డప్పును మంటకు కాచుకుంటారు, ఎందుకంటే అది తోలు, తేమకు సడలుతుంది. మీ డ్రమ్ము మీద ఉన్నది తోలు కాదు, పాలిస్టర్ పొర. 1950ల చివరి నుంచి డ్రమ్ములకు ఈ పొరలు వస్తున్నాయి, తేమ వీటిని పెద్దగా పట్టించుకోదు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం వ్యానులో ఉంటే ఎండకు కాస్త సడలుతాయి, నిజమే, స్టేజీ ఎక్కాక పావు చుట్టు బిగించుకుంటాం. ఆ సడలింపు ఎనిమిది లగ్గుల దగ్గరా ఒకేలా ఉంటుంది, రెండింటి దగ్గరే ఉండదు. చెక్క తేమకు ఉబ్బిందంటారా? ఉబ్బితే షెల్ గుండ్రం తప్పి కోలగా మారాలి. నాలుగు దిక్కులా వ్యాసం కొలిచాను, తేడా లేదు. అయినా మీ వారంటీ కార్డులో తీరప్రాంతాలకు వర్తించదని ఎక్కడుంది? స్కిన్‌లు, స్నేర్ తీగలు, తుప్పు వర్తించవని ఉంది. షెల్స్‌కి ఐదేళ్లు వర్తిస్తుందని ఉంది. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా తీరం పొడవునా కిట్లు అమ్ముతూ, అమ్మేటప్పుడు చెప్పని షరతు ఇప్పుడు పెట్టడం న్యాయం కాదు.

మీ ప్రతినిధి ఫోన్‌లో అన్న ఒక మాట కూడా మీ దృష్టికి తేవాలి. “డ్రమ్మే కదండీ, కొంచెం తేడా ఉంటే ఎవరికి తెలుస్తుంది” అన్నారు. మృదంగం వాయించే ఆయన కచేరీకి ముందు రాయీ పుల్లా పట్టుకుని వలయం చుట్టూ శ్రుతి సరిచేసుకుంటుంటే సభంతా ఓపిగ్గా ఎదురుచూస్తుంది. డ్రమ్ముకూ శ్రుతి ఉంది. ఎనిమిది రాడ్లు పెట్టింది అందుకే. డ్రమ్ములు చేసే కంపెనీలోనే ఈ మాట వినాల్సి రావడం నాకు చాలా కష్టం అనిపించింది. ఆయన మీద చర్య తీసుకోమని అడగడం లేదు, ఆయనకు ఈ లేఖ చదివించండి చాలు.

నేను కోరేది ఇది. ఈ ఫ్లోర్ టామ్ షెల్‌కి బదులుగా, అంచులు సరిచూసిన కొత్త షెల్‌ని, మిగతా కిట్ రంగుకూ ఫినిష్‌కూ సరిపోయేలా పంపాలి. లగ్గులు, రిమ్ములు నావే బిగించుకుంటాను, రంధ్రాలు కలిస్తే చాలు. అదే ఫినిష్ ఇప్పుడు తయారు చేయకపోతే కిట్ మొత్తం వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వాలి, ఎందుకంటే రంగు కలవని ఒక్క డ్రమ్ముతో స్టేజీ ఎక్కలేను. రవాణా ఖర్చు మీదే. ముందు పరీక్షించాలంటే డ్రమ్ము పంపడానికి సిద్ధమే, కానీ ఆ రోజుల్లో వాయించుకోవడానికి బదులు డ్రమ్ము ఒకటి ఇప్పించాలి. ఇక్కడే అంచు సాన పట్టించుకోమని మాత్రం చెప్పకండి. చేతితో ఆ పల్లం సరిచేయాలంటే చుట్టూ అంతా దించాలి, ఆ పని సరిగ్గా చేసేవాళ్లు దగ్గర్లో ఎవరూ లేరు, పైగా ఒకసారి చెయ్యి పెడితే మిగిలిన వారంటీ కూడా పోయిందని మీరే అంటారు. డీలరుతో మాట్లాడాను, నిర్ణయం మీదేనని చెప్పారు.

30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే, 2020 జూలై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. కొనుగోలుదారు నివసించే చోటే కేసు వేసుకోవచ్చని ఆ చట్టమే చెబుతోంది, 5 లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు కూడా లేదు. అంతకుముందు 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. క్రిస్మస్ రికార్డింగులు మొదలయ్యేలోపు డ్రమ్ము చేతికి రావడమే నాకు కావాలి, కాబట్టి అంతదూరం పోకుండా మీరే పరిష్కరిస్తారని ఆశిస్తున్నాను.

జతచేసినవి: కొనుగోలు బిల్లు, వారంటీ కార్డు నకలు, మీ ఈమెయిల్, ఒక్కో లగ్గు దగ్గర శ్రుతి కొలిచిన వీడియో, గ్రానైట్ పలక మీద తీసిన వీడియో, అంచు ఫొటోలు, ఫ్లోర్ టామ్ మైకు ఒక్కటే వినిపించే రికార్డింగు.

ఇట్లు,
మీ కస్టమర్,
డ్రమ్మర్, ఒంగోలు.