ఎల్ఈడీ కిట్ బోర్డు మీద తప్పు గుర్తు: ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 20 ఎల్ఈడీల కిట్ బోర్డులో 12వ ఎల్ఈడీ గుర్తు తిరగబడి ఉండటం గురించి.

అయ్యా,

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. సైన్స్ ఫెయిర్ కోసం కిందటి నెల మీ దగ్గర మూడు చార్లీప్లెక్సింగ్ కిట్లు కొన్నాం. ఆర్డునో (ప్రోగ్రాం వేసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) పిన్నులు ఐదే వాడి 20 ఎల్ఈడీలను విడివిడిగా వెలిగించే కిట్ అది. ఐదు పిన్నులకు పది జతలు, ఎల్ఈడీ ఒక దిక్కుకే కరెంటును పోనిస్తుంది కాబట్టి ప్రతి జత మధ్యా ఎదురెదురుగా రెండు ఎల్ఈడీలు. పనిలేని పిన్నులను ఇన్‌పుట్‌లో పెడితే వాటి గుండా ఆర్డునోలోకి గానీ బయటికి గానీ కరెంటు పోదు. ఈ లెక్క పిల్లలకు తెగ నచ్చింది.

మొదటి బోర్డును తొమ్మిదో తరగతి అమ్మాయి సోల్డర్ చేసింది. సెకనుకొకటి వెలిగేలా ప్రోగ్రాం వేశాం. ఏడో లైటు వంతు రాగానే పన్నెండోది కూడా వెలిగింది, రెండూ మిగతావాటికన్నా డల్‌గా. పన్నెండో దాని వంతులో ఆ రెండూ ఆరిపోయి, సంబంధం లేని ఆరు లైట్లు మసకమసగ్గా వెలిగాయి.

తనదే తప్పనుకుని ఆ అమ్మాయి ఆ చోట రెండుసార్లు సోల్డర్ తీసి మళ్లీ పెట్టింది. రెండోసారి కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనేమో రెండు రోజులు ప్రోగ్రాం వెతికాను. చివరికి మల్టీమీటర్ పెట్టి చూస్తే 7, 12 రెండింటి పొడుగు కాళ్లూ రెండో పిన్నుకే, పొట్టి కాళ్లూ నాలుగో పిన్నుకే వెళ్తున్నాయి. అంటే ఒకే దిక్కుగా పక్కపక్కన ఉన్నాయి. వాటిని ఏ ప్రోగ్రామూ విడదీయలేదు. పన్నెండో దాని వంతులో నాలుగో పిన్ను నుంచి రెండో పిన్నుకు నేరుగా దారి లేక, 5 వోల్టుల కరెంటు మిగతా మూడు పిన్నుల లైన్ల మీదుగా రెండేసి ఎర్ర ఎల్ఈడీలను దాటుకుంటూ వెళ్లింది. ఆ ఆరు లైట్లు అందుకే వెలిగాయి.

బోర్డు మీద 12 దగ్గర చదును అంచు గుర్తు (ఎల్ఈడీ పొట్టి కాలు ఎటు పెట్టాలో చూపేది) తిరగేసి అచ్చయింది. ఎల్ఈడీని తిప్పి పెట్టగానే ఇరవయ్యీ సరిగ్గా పనిచేశాయి. మూడు బోర్డుల్లోనూ ఇదే తప్పు.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ఫోటో కూడా అడగకుండా "మీ సోల్డరింగ్ లోపం సార్" అని పెట్టేశారు. ఆ మాట ఆ అమ్మాయి పక్కనే నిలబడి వింది. నాకు బాధ కలిగింది అక్కడే.

మూడు బోర్డులూ మార్చి ఇవ్వండి. ఈ కిట్ కొన్నవాళ్లందరికీ 12వ ఎల్ఈడీ తిప్పి పెట్టమని మెసేజ్ పంపండి. తప్పు బోర్డుదేనని మా స్కూలుకు రాతపూర్వకంగా తెలపండి. ఆ కాగితం ఆ అమ్మాయి చేతికిస్తాను. ఫెయిర్‌కు ఇంకా 12 రోజులే ఉంది, వారంలోగా జవాబు కావాలి. మల్టీమీటర్ రీడింగుల ఫోటోలు, బిల్లు జతచేశాను.

ఇట్లు,
ఫిజిక్స్ టీచర్