గూఢచారి సినిమాల్లో గెస్టులకూ కథలో పని ఉండాలి

సంపాదకుల గారికి నమస్కారం.

మీ సినిమా పేజీని వదలకుండా చదివే పాఠకుల్లో నేనొకడిని. ఈమధ్య గూఢచారి సినిమాల గురించి మీరు వేసే వార్తలన్నీ దాదాపు రెండు రకాలే. ఫలానా సినిమాలో ఫలానా హీరో కామియో, అంటే కాసేపు గెస్టు వేషం, చేస్తున్నాడట అన్నది ఒకటి, సీడెడ్‌లో, అంటే మా రాయలసీమ ఏరియాలో, మొదటిరోజు ఎంత వచ్చిందన్నది ఇంకొకటి. రెండూ చదువుతాం, కాదనను. కానీ మా కర్నూలులో ఈ సినిమాల మీద జనం చేసే చర్చ వీటి దగ్గర ఆగదు. అందులో ఒక్క మాట కూడా మీ పేజీలో కనబడకపోయేసరికి నేనే రాస్తున్నాను, కొంచెం పొడుగైనా దయచేసి వేయండి.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. ఇక్కడ పాతబస్తీలో ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు సల్మాన్, షారుక్ డబ్బింగ్ సినిమాతో పరిచయమైన హీరోలు కాదు, చిన్నప్పటినుంచీ చూస్తున్న సొంత హీరోలు. ఇంకోపక్క జూనియర్ ఎన్టీఆర్ అభిమానులు, విడుదల అంటే చాలు ఫ్లెక్సీలు, కటౌట్లు, మొదటి షో టికెట్ల కోసం పరుగులు. మామూలుగా ఈ రెండు గుంపులూ ఒకే సినిమా మీద వాదించుకునే సందర్భం రాదు. 2025 ఆగస్టు 14న వార్ 2 వచ్చినప్పుడు వచ్చింది. హృతిక్‌కు ఎదురుగా తారక్ (జూనియర్ ఎన్టీఆర్) అనేసరికి ఆ వారమంతా రాజ్‌విహార్ వైపు టీ కొట్ల దగ్గర, ఉగ్గాని బజ్జి బండ్ల దగ్గర ఇదే మాట. "మావాణ్ణి పిలిచి విలన్ వేషం ఇచ్చినారు" అని ఒకరు, "విలన్ ఎక్కడప్పా, సగం సినిమా ఆయనదే కదా" అని ఇంకొకరు, "అదంతా సరే భాయ్, టైగర్ ఏడి, పఠాన్ ఏడి, ఒక్క సీనుకైనా రావద్దా" అని మరొకరు. టైగర్ అంటే సల్మాన్, పఠాన్ అంటే షారుక్ వేసిన గూఢచారులు, ఈ సినిమాలన్నీ ఒకే వరుసలోవి, ఒకదాని పాత్రలు ఇంకొకదానిలోకి వస్తుంటాయి.

ఈ వాదనల్లో ఎక్కువమంది నిమిషాలు లెక్కపెడతారు. ఎవరికి ఎంత స్క్రీన్ టైమ్, ఎవరి ఎంట్రీ ముందు, ఫైట్‌లో ఎవరు ఎక్కువ దెబ్బలు తిన్నారు, పాటలో ఎవరు ముందు వరసలో ఉన్నారు. నాకు దీంతోనే పేచీ. 2022లో విక్రమ్ సినిమా చివర్లో సూర్య రోలెక్స్‌గా కనబడేది కాసేపే. ఆ కాసేపట్లోనే, అంతవరకు మనం పెద్ద విలన్లు అనుకున్నవాళ్లంతా అతని కింద పనిచేసే మనుషులని తెలిసిపోయింది, వాళ్లు అతన్ని చూసి ఎట్లా వణుకుతారో చూశాం, రాబోయే కథలో అసలు శత్రువు ఎవరో అర్థమైంది. అంత పని జరిగింది కాబట్టే ఆ పేరు ఇప్పటికీ మా పిల్లల నోట్లో ఉంది. అది తీసేస్తే ఆ సినిమా ముగింపే మారిపోతుంది. కామియో బాగుందా లేదా అని నన్నడిగితే నేను చూసేది ఇదొక్కటే, తీసేస్తే కథకు ఏమైనా తేడా వస్తుందా?

పఠాన్‌లో రైలు సీను ఈ పరీక్షకు నిలబడుతుంది. 2023 జనవరిలో ఆ సీను నడుస్తున్నప్పుడు థియేటర్లో కాగితాలు ఎగరేసినవాళ్లలో నేనూ ఉన్నాను. బందీగా ఉండి దెబ్బలు తిన్న పఠాన్ దగ్గరికి టైగర్ చేతిలో కాఫీతో వస్తాడు, నొప్పి తగ్గే మాత్రలు ఇస్తాడు, ఇద్దరూ కలిసి కొట్టుకుంటూ బయటపడతారు. దాని వెనక ఒక ఆలోచన ఉంది. దొరికిపోయిన గూఢచారిని ఎవరూ మావాడని చెప్పుకోరు, అతన్ని వెతుక్కుంటూ రాగలిగేది అతని లాంటి ఇంకొకడే. సినిమా అయిపోయాక మళ్లీ ఇద్దరూ కూర్చుని, మనం తప్పుకుంటే మన జాగాలో ఎవరొస్తారు అని మాట్లాడుకునే సీను నాకు ఫైట్ కంటే ఎక్కువ నచ్చింది. అక్కడ మాట్లాడుకునేది పాత్రలే అయినా, ముప్పై ఏళ్లు తెర మీద గడిపిన ఇద్దరు నటుల అలసట, పట్టుదల కూడా అందులో వినిపించాయి. పాతబస్తీ మిత్రుడొకడు ఆ మాటలు వింటూ కళ్లు తుడుచుకున్నాడు, ఇద్దరి సినిమాలూ చూసి పెరిగినవాడు కదా.

అదే ఏడాది నవంబరులో టైగర్ 3 వచ్చింది. ఈసారి పఠాన్ వచ్చి టైగర్‌ను విడిపిస్తాడు. బాకీ తీర్చుకోవడం అనే కారణం బాగానే ఉంది, కానీ ఆ సీను పెరిగి పెరిగి అసలు కథ పక్కకు జరిగిపోయింది. నా ఉద్దేశంలో ఆ పని జోయాకు ఇచ్చి ఉండాల్సింది. ఆమె టైగర్ భార్య మాత్రమే కాదు, పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్ఐలో పనిచేసి వచ్చిన ఏజెంటు, ఆ దేశం, అక్కడి మనుషులు, అక్కడి పద్ధతులు ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. 2012లో ఏక్ థా టైగర్ నుంచీ కత్రినా ఆ పాత్రను మోస్తోంది. ఇంటివాళ్లు చేయగల పనిని అతిథి వచ్చి చేసిపోతే ఇంటివాళ్లు చిన్నబోతారు. మావాళ్లలో ఈ మాట అన్నవాళ్లు తక్కువే, నేను మాత్రం గట్టిగానే అంటాను.

పోస్ట్ క్రెడిట్ సీన్ల గురించి, అంటే సినిమా అయిపోయి పేర్లు పడ్డాక వచ్చే సీన్ల గురించి, పెద్దగా చెప్పాల్సింది లేదు. టైగర్ 3 చివర హృతిక్‌ను చూపించారు, ఆ కొనసాగింపు కోసం దాదాపు రెండేళ్లు ఆగాం. వార్ 2 చివర బాబీ డియోల్ వచ్చేది ఈ వరుసలో తర్వాతి సినిమా ఆల్ఫా కోసం. ఇవి రాబోయే సినిమాకు ప్రకటనలు, లైట్లు వేశాక కూడా కూర్చోబెట్టడానికి పనికొస్తాయి, అంతే.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను, తారక్ విషయానికి. జేమ్స్ బాండ్ సినిమాలు 1962లో మొదలయ్యాయి, 2021 సినిమా వరకు ఆ వరుసలో ఆరుగురు నటులు బాండ్ వేషం వేశారు. అక్కడ నటుడు మారినా పాత్ర మిగులుతుంది. పియర్స్ బ్రాస్నన్ పోయి డేనియల్ క్రెయిగ్ వచ్చినా పై అధికారి ఎమ్‌గా జూడీ డెంచ్ కొనసాగింది, ప్రేక్షకులు ఒప్పుకున్నారు. మన దగ్గర ఇది కుదరదు. టైగర్ అంటే సల్మానే, ఇంకొకరు వచ్చి నేనే టైగర్ అంటే ఏ ఊళ్లోనూ షో నడవనివ్వరు. ఇక్కడ హీరోను తీసుకోవడం అంటే అతని అభిమానులను, అతని ఏరియాను కూడా కలిపి తీసుకోవడం. ముంబై నిర్మాతలు తెలుగు హీరోను పిలిచేటప్పుడు నైజాం, సీడెడ్, ఆంధ్ర చూసుకుంటారని మాకూ తెలుసు. వ్యాపారం వ్యాపారమే, దాన్ని నేను తప్పుపట్టను.

నా బాధంతా, పిలిచిన మనిషికి రాసిన పాత్ర గురించే. విలన్ వేషం అవమానం అన్న మాటను నేను ఒప్పుకోను. వాళ్ల తాతగారు 1961లో సీతారామ కల్యాణంలో రావణుడు, 1977లో దాన వీర శూర కర్ణలో దుర్యోధనుడు, జనం ఇప్పటికీ ఆ డైలాగులు వల్లెవేస్తారు. తారక్ కూడా 2017లో జై లవకుశలో నత్తితో మాట్లాడే జైగా రావణుడి ఛాయలున్న పాత్ర చేస్తే అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు. వార్ 2 వచ్చిన రోజే కూలీలో నాగార్జున గారు సైమన్‌గా పూర్తిస్థాయి విలన్ వేశారు, మా ఊళ్లో చాలామంది ఆ పాత్రను మెచ్చుకున్నారు. వేషం ఏదైనా సరే, ఆ మనిషి అట్లా ఎందుకు అయ్యాడో మనకు తగలాలి. పఠాన్‌లో జాన్ అబ్రహాం చేసిన జిమ్‌ను చూడండి. దేశం కోసం పనిచేసినవాడు, గర్భవతి అయిన భార్యను కళ్లముందే చంపుతుంటే తన దేశం తనకోసం కదల్లేదని తిరగబడ్డాడు. వాడు చేసేది తప్పని తెలిసినా వాడి కోపం మనకు అర్థమవుతుంది. జిమ్ గతం మీద ఒక సినిమా తీయాలని మా మిత్రుల్లో కొందరు ఇప్పటికీ అంటుంటారు. వార్ 2లో తారక్ పాత్రకూ అట్లాంటి గాయమే ఉంది, చిన్నప్పటి స్నేహితుడు వదిలేసి వెళ్లిన గాయం. దాన్ని సినిమా సగం దాటాక గానీ విప్పలేదు. ముందుగా చెప్పి, ఆ తర్వాత ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఉంటే ప్రతి ఫైట్‌లోనూ మనకు దిగులు ఉండేది. మొదటి సగమంతా ఇద్దరు స్టార్లు కొట్టుకోవడం చూశాం, ఇద్దరు స్నేహితులు కొట్టుకుంటున్నారని తర్వాతెప్పుడో తెలిసింది. ఎడిటింగ్‌తో వచ్చిన తప్పు కాదిది, రాసేటప్పుడే జరిగిన తప్పు.

ఇంకొక మాట, ఇది మా సీమవాళ్ల మనసులోది. ఆ పాత్ర పేరు విక్రమ్ చలపతి. పేరు మనదిలాగా ఉంది గానీ, ఆ పేరు వెనక ఒక ఊరు, ఒక యాస, ఒక ఇల్లు మాకు గుర్తుండిపోయేలా ఏదీ మిగల్లేదు. 2018లో అరవింద సమేతలో ఇదే నటుడు మా యాస మాట్లాడాడు, నవ్వించడానికి కాదు, తండ్రిని పోగొట్టుకున్న కొడుకు నొప్పి చెప్పడానికి మాట్లాడాడు. ఆ సత్తా ఉన్న నటుణ్ణి పిలిచినప్పుడు ఆ సత్తాను వాడుకోవాలి కదా! మన గూఢచారి సంస్థ 'రా' ఏజెంట్లందరూ ఢిల్లీ, ముంబై నుంచే రావాలని ఎక్కడుంది? నంద్యాలలోనో ఆదోనిలోనో పెరిగిన పిల్లవాడు ఆ ఉద్యోగంలోకి వెళ్లాడని రాస్తే కథకు వచ్చే నష్టమేమిటి?

ఎవరూ గొడవపడని పాత్రల ఎంపిక ఒకటుంది, దాన్ని మెచ్చుకోకపోతే నాకు తృప్తి ఉండదు. టైగర్ 3లో భారత గూఢచారి సంస్థను నడిపే అధికారిగా రేవతి, పాకిస్తాన్ ప్రధానిగా సిమ్రన్. ఒకరిని అంకురంలో, గాయంలో చూశాం. ఇంకొకరిని సమరసింహారెడ్డి, నరసింహనాయుడులో చూశాం, మా సీమ కథలంటూ తీసిన సినిమాల్లో హీరోయిన్‌గా. అట్లాంటామె ఒక దేశ ప్రధానిగా కూర్చుని, చివర్లో పిల్లలచేత మన జాతీయ గీతం వాయింపజేసే సీనులో నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఏ ఫ్లెక్సీలోనూ వీళ్ల బొమ్మ లేదు, ఏ పుకారులోనూ వీళ్ల పేరు రాలేదు. కథలో మాత్రం ఇద్దరికీ చేయాల్సిన పని ఉంది, ఆ పనికి తగిన మొహాలు, వయసు, బరువు ఉన్నాయి. మన తెలుగులో 2018లో గూఢచారి అనే సినిమా తీసినప్పుడు సుప్రియ యార్లగడ్డను ఏజెంటుగా తీసుకోవడం కూడా అట్లాంటిదే. 1996లో పవన్ కల్యాణ్ మొదటి సినిమాలో హీరోయిన్‌గా చేసి, ఆ తర్వాత నటనకు దూరంగా ఉన్న ఆమెను మళ్లీ తెరమీదికి తెచ్చి అంత గట్టి పాత్ర ఇవ్వాలన్న ఆలోచన ఎవరిదో గానీ వాళ్లకు దండం పెట్టాలి. తక్కువ ఖర్చుతో తీసిన ఆ సినిమాలో పెద్ద కామియోలేవీ లేవు, తండ్రి ఎవరన్న ఒక్క రహస్యం మీద నడిపించారు. గూఢచారి సినిమా మనకు ముంబై నుంచి వచ్చిన వింత కూడా కాదు, కృష్ణ గారు గూఢచారి 116 చేసింది 1966లోనే.

థియేటర్లవాళ్లకు కూడా ఒక చిన్న విన్నపం. ఈ వరుస సినిమాలు వచ్చినప్పుడు మా ఊళ్లో కనీసం ఒక స్క్రీన్‌లోనైనా రోజూ హిందీ షో ఉంచండి. షారుక్ గొంతుతో పెరిగినవాళ్లను వేరే గొంతుతో ఆయన్ను చూడమనడం బాగుండదు, తారక్ మాటలు తెలుగులో వినాలన్న కోరిక మాకు ఎంత ఉందో వాళ్లకు ఇదీ అంతే ఉంటుంది.

ఇక ఆలియా భట్, శర్వరిలతో ఆల్ఫా అనగానే మా దగ్గర మొదలైన చర్చ, అందులోకి ఏ హీరో గెస్టుగా వస్తాడని. ఇద్దరమ్మాయిలు ముందుండి నడిపే కథ అది. అందులోకి ఒక హీరో వచ్చి చివర్లో వాళ్లను కాపాడితే, జోయాకు జరిగిందే వాళ్లకూ జరుగుతుంది. వస్తే రానివ్వండి, కానీ వాళ్ల కింద పనిచేయడానికి రానివ్వండి.

మీకు నా కోరిక ఇది. ఈ సినిమాల ప్రచారానికి హైదరాబాద్ వచ్చే దర్శకులను, రచయితలను మీ విలేకరులు కలుస్తారు కదా, కామియో ఉందా లేదా అని అడిగితే నవ్వి తప్పించుకుంటారు, అది ప్రతిసారీ చదువుతున్నాం. దాని బదులు, తెలుగు నటుడికి పాత్ర రాసేటప్పుడు ఆ పాత్ర ఊరు ఏదని అనుకున్నారు, విలన్ గతాన్ని ఎక్కడ చెప్పాలన్నది ఎట్లా నిర్ణయించారు, ఈ అతిథి లేకపోతే మీ కథ ఎక్కడ ఆగిపోయేది అని అడగండి. వాళ్లు చెప్పిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు వేయండి. సీడెడ్ లెక్కల పక్కన ఆ మాత్రం చోటు మాకు ఇవ్వగలరనే నమ్మకంతో రాస్తున్నాను.

ఇట్లు,
ఒక సినిమా అభిమాని,
పాతబస్తీ, కర్నూలు