ఎండుటాకులు కాల్చకండి, మాకివ్వండి

సంపాదకులకు,

డిసెంబరు దాటితే బెంగళూరు వీధుల్లో ఆకులు రాలడం మొదలవుతుంది. పొద్దున్నే కానుగ, రావి, నిద్రగన్నేరు ఆకుల్ని ఊడ్చి మూలకు పోస్తారు. కొన్నిచోట్ల అక్కడే అంటించేస్తారు. చెత్తను బయట కాల్చకూడదని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు, పొగ మాత్రం ఆగలేదు. ఇదే ఊళ్లో ఇంట్లో కంపోస్టు చేసుకునేవాళ్లం ఎండుటాకులు దొరక్క కొబ్బరి పొట్టు ఇటుకలు డబ్బులు పెట్టి కొంటున్నాం.

ఎండుటాకులతో అంత పనేమిటని అడగొచ్చు. కంపోస్టు మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువగా చెప్పేది కంపు, పురుగులు. దానికి డబ్బాని తిడతారు గానీ, చాలాసార్లు తక్కువైంది ఆకులే. కూరగాయల తొక్కల్లో నీరూ నత్రజనీ ఎక్కువ. చెత్తను ఎరువు చేసే సూక్ష్మజీవులకు ఒక వంతు నత్రజనికి ఇరవై అయిదు, ముప్పై వంతుల కార్బన్ కావాలి. అది ఎండుటాకుల నుంచి వస్తుంది. పైగా ఆకులు అదనపు తడిని పీల్చుకుంటాయి, మధ్యలో గాలి ఆడనిస్తాయి. అవి లేకపోతే తొక్కలన్నీ ముద్దగా అణిగిపోతాయి. గాలి అందక వేరే రకం సూక్ష్మజీవులు చేరి కుళ్లబెడతాయి. ముక్కు మూసుకోవాల్సి వచ్చేది అప్పుడే.

ఒక గిన్నె తడి చెత్తకు నలిపిన ఆకులు కనీసం ఒక గిన్నె వేయాలి, వానాకాలంలో ఇంకాస్త ఎక్కువ. కలిపిన చెత్తను గుప్పెట్లో పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. వారానికి ఒకటి రెండుసార్లు కలియతిప్పాలి. గోంగూర కాడలు చిన్నగా తుంచకుండా వేస్తే ఎన్నాళ్లయినా పుల్లల్లాగే ఉంటాయి. నూనె తేలే కూరలు వేయకపోవడమే మేలు. కొద్దిగా పుల్ల మజ్జిగ చల్లితే మంచిదంటారు, అదీ సరే, కానీ ఆకుల లోటును మజ్జిగ తీర్చదు. లావుపాటి తెల్ల పురుగులు కనిపిస్తే చాలామందికి టెన్షన్. అవి సాధారణంగా నల్ల సోల్జర్ ఈగ పిల్లలు, మనల్ని ఏమీ చేయవు, చెత్తను తొందరగా తినేస్తాయి. చూడలేకపోతే పైన ఆకులు దట్టంగా కప్పితే చాలు.

నగరం చెత్తంతా పోసే మండూరు ఊరి జనం అది భరించలేక రోడ్డెక్కితే 2014లో అక్కడ చెత్త పోయడం ఆపారు. 2015లో హైకోర్టు చెప్పాక రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతి (తడి చెత్తకో డబ్బా, శానిటరీ చెత్తకో డబ్బా, పొడి చెత్తకు సంచి) వచ్చింది. తడి చెత్త వేరుచేయడం కొంతైనా అలవాటైంది. వేరుచేసిన దాన్ని ఇంట్లోనే ఎరువు చేసుకోమంటున్నారు, సంతోషం. మరి అందులో సగం సరుకైన ఆకుల సంగతి ఎవరూ ఎత్తరేం?

పార్కుల ఆకుల్ని వీలైనంత వరకు పార్కుల్లోనే ఎరువు చేయాలని కూడా ఆ 2016 నిబంధనల్లో రాశారు. ప్రతి పార్కులో ఒక మూల ఇనుప జాలీతో గూడు కట్టించి, ఆకులు అందులో పోయిస్తే చాలు. రోడ్డు ఊడ్చిన ఆకుల్లో గుట్కా ప్యాకెట్లు, గాజు పెంకులు ఉంటాయి కాబట్టి పార్కు ఆకులతోనే మొదలుపెట్టాలి. కావలసినవాళ్లు తీసుకెళతారు, మిగిలినవి ఆ గూట్లోనే నెమ్మదిగా ఎరువవుతాయి. దీనికి పెద్ద టెండర్లు అక్కర్లేదు (అందుకే ఎవరికీ పట్టడం లేదేమో!).

2025 సెప్టెంబరు నుంచి నగరానికి ఐదు కార్పొరేషన్లు ఉన్నాయి. ఏ ఒక్కటైనా ఈసారి ఆకురాలు కాలానికి ముందు నాలుగు పార్కుల్లో పెట్టి చూడాలి. మహదేవపుర వైపు పెడితే సంచులు మేమే తెచ్చుకుంటాం.

– ఓ పాఠకురాలు, మహదేవపుర, బెంగళూరు