11 నెలల కాగితం, కిరాయిదార్ల గోస

సంపాదకులకు నమస్కారం.

మే ఎండల్లో చంద్రపూర్ ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండల్లో మా గల్లీలో ఒక ఇంటికి మూడు రోజులు నల్లా నీళ్లు రాలేదు. పైపు పగిలి కాదు, కింద ఉండే ఓనరు వాల్వు కట్టేసి దాని పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. పై వాటాలో కిరాయికి ఉన్నది బొగ్గు గనిలో కాంట్రాక్టు పని చేసే మన తెలుగాయన కుటుంబం. 11 నెలలు అయిపోయాయి, ఖాళీ చేస్తారా, కరెంటు కూడా పీకేయమంటారా అన్నాడట. వాళ్లావిడ బిందె పట్టుకుని మా ఇంటికొచ్చి 11 నెలలకు రాసుకున్న కిరాయి ఒప్పందం కాగితం చూపించింది. మరాఠీలో టైపు చేసిన స్టాంపు పేపరు, నోటరీ ముద్ర, కింద తెలుగులో ఆమె సంతకం. అందులో ఏముందో ఆమెకు ఆ రోజుదాకా తెలియదు.

ఈ 11 నెలల లెక్క ఎక్కడిదంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పదంటుంది, అందుకని ఒక నెల తగ్గించి రాసుకోవడం అందరికీ అలవాటైంది, మంచిర్యాల, ఆసిఫాబాద్ నుంచి వచ్చిన మనవాళ్లూ అదే వెంట తెచ్చుకున్నారు. ఇక్కడ మహారాష్ట్రలో ఆ తెలివి పనిచేయదు. మహారాష్ట్ర 1999 కిరాయి నియంత్రణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఎన్ని నెలలకు రాసుకున్నా రిజిస్టర్ చేయించాల్సిందే, ఆ బాధ్యత ఓనరుదే. చేయించకపోతే షరతుల మీద తగాదా వచ్చినప్పుడు, తప్పని రుజువయ్యేదాకా కిరాయిదారు మాటే చెల్లుతుంది. ఓనరుకు మూడు నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, లేదా రెండూ పడొచ్చు. ఇక నీళ్లు, కరెంటు ఆపడం అదే చట్టం 29వ సెక్షన్ కింద నేరుగా తప్పు.

ఓనర్లందరూ దుర్మార్గులని కాదు. నాకూ వెనక ఒక రూముంది, మొదట్లో నేనూ నోటరీ కాగితంతోనే సరిపెట్టాను. పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందని ఎవరో చెప్పిన టెన్షన్ నాకూ ఉండేది. ఓనరు ఒప్పుకుని కిరాయికి పెట్టుకున్నవాడు ఊరికే ఏళ్లు గడిచినంత మాత్రాన హక్కుదారు కాడని తర్వాత తెలిసింది. నిజానికి పద్ధతిగా పోతే ఓనరుకే లాభం. లీవ్ అండ్ లైసెన్స్ (అంటే కొన్నాళ్లు ఉండనిచ్చే అనుమతి మాత్రమే, కిరాయిదారు హక్కు కాదు) అని రాసి రిజిస్టర్ చేస్తే గడువు కాగానే ఇల్లు అప్పగించాలి, కదలకపోతే ఇలాంటి కేసులు చూసే సర్కారు అధికారి, అంటే కాంపిటెంట్ అథారిటీ, దగ్గర ఓనరు దరఖాస్తు పెట్టుకోవచ్చు, గడువు దాటి ఉన్నన్నాళ్లు ఉన్నవాళ్లు రెట్టింపు కిరాయి కట్టాల్సి వస్తుంది. ఖర్చెంత? స్టాంపు డ్యూటీ మొత్తం కిరాయి మీద పావు శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు పట్టణాల్లో వెయ్యి, అదీ ఆన్‌లైన్‌లో అయిపోతుంది. మామూలు కిరాయిదారును పంపాలంటే మాత్రం కారణం చూపి కోర్టుకు పోవాలి: సొంతానికి నిజంగా కావాలనో, అడగకుండా వేరేవాళ్లకిచ్చారనో. కిరాయి బాకీ అయితే ముందు నోటీసిచ్చి 90 రోజులు ఆగాలి. జేబులో వాల్వు పిడి పెట్టుకు తిరగమని ఏ సెక్షనూ చెప్పలేదు.

అధికారులను నేనడిగేది ఒక్కటే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద ఈ నాలుగు ముక్కలు మరాఠీతో పాటు తెలుగులోనూ రాయించండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ (సర్కారు న్యాయ సహాయ సంస్థ) వాళ్లు వకీలును ఉచితంగా ఇస్తారన్నది కూడా అందులో ఉండాలి, మా గల్లీలో అది ఒక్కరికీ తెలియదు.

ఆ కుటుంబం నాలుగో రోజు సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయింది. డిపాజిట్ ఇంకా చేతికి రాలేదు. కొత్త ఇంట్లో ఏం రాసుకున్నారని ఫోన్ చేసి అడిగితే, 'అదే అన్నా, పదకొండు నెలలది' అన్నాడు.

– ఒక పాఠకుడు, చంద్రపూర్