ఈసీఎం మార్చే ముందు అది ఎందుకు పోయిందో చూడరా?

సంపాదకులకు,

అయ్యా,

వానాకాలంలో కార్ల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలపై ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఉపయోగకరంగా ఉంది. టైర్లు, వైపర్లు, బ్రేకుల గురించి చెప్పినవన్నీ అవసరమైనవే. అయితే యజమాని జేబుకు అన్నిటికన్నా పెద్ద చిల్లు పెట్టేది ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్. మెకానిక్కులు ఈసీఎం అని పిలిచే ఆ పెట్టె ప్రస్తావన అందులో లేదు. మన నగరంలో దానిని ఎలా పరీక్షిస్తున్నారో, ఎంత తేలిగ్గా మార్చేస్తున్నారో సొంత అనుభవం మీద రాస్తున్నాను.

నాది 2016 నాటి నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. కిందటి జులైలో ఎల్బీనగర్ నుంచి ఇంటికి వస్తుండగా ఇంజన్ లైటు వెలిగి, మిస్సింగ్ మొదలై, బండి కుదుపులతో నడిచింది. వర్క్‌షాపులో స్కానర్ పెడితే పీ0353 అనే కోడ్ వచ్చింది. మూడో ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే తీగచుట్ట) సర్క్యూట్‌లో లోపం ఉందని దాని అర్థం. కొత్త కాయిల్ వేసి చూశారు, మార్పు లేదు. కాయిల్ బాగానే ఉంది కాబట్టి పోయింది ఈసీఎమ్మేనని గంటలో తేల్చేశారు. కొత్త పెట్టెను కారుకు జతచేసే కోడింగ్‌తో కలిపి 52,400 రూపాయలు కట్టాను. పంతొమ్మిది రోజులు బండి చక్కగా నడిచింది. ఇరవయ్యో రోజు మళ్లీ అదే కుదుపు, అదే కోడ్. ఎలక్ట్రికల్ వస్తువులకు వారంటీ ఉండదు, ఇంకొకటి వేయించుకోవాలన్నారు. పాత ఈసీఎం ఇవ్వమని అడిగితే స్క్రాప్‌లో పడేశామన్నారు.

ఆ వర్క్‌షాపు వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనను. ఈసీఎం నిజంగానే పోయింది, రెండుసార్లూ పోయింది. ఎందుకు పోయిందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ మూడో కాయిల్ వైపు వెళ్లే వైరింగ్ గొట్టాన్ని విప్పి చూపించేదాకా నాకూ ఆ ప్రశ్న తట్టలేదు. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో పిల్లలకు ఓమ్ సూత్రం చెప్పినవాణ్ణి, స్కానర్ తెర మీది అక్షరాలు చూసి నోరు మూసుకున్నాను.

గొట్టం లోపల ఎలుక కొరికిన చోట రెండు తీగలకు తొడుగు ఊడిపోయి ఉంది. ఒకటి కాయిల్‌కు బ్యాటరీ నుంచి 12 వోల్టులు తెచ్చే తీగ, రెండోది ఈసీఎం నుంచి వచ్చే తీగ. నా కారులో వాడిన రకం కాయిళ్లకు ఈసీఎం లోపలే స్విచ్చులా పనిచేసే ఒక్కొక్క ట్రాన్సిస్టర్ ఉంటుంది. అది రెండో తీగను క్షణకాలం ఎర్త్‌కు కలిపి వదిలేస్తుంది, ఆ వదిలిన క్షణంలోనే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. కాయిల్ చుట్లు మధ్యలో అడ్డుగా ఉన్నంతవరకే ఆ ట్రాన్సిస్టర్ కరెంటును తట్టుకోగలదు. ఊడిన తీగలు ఒకదానికొకటి తగిలితే కాయిల్‌తో పని లేకుండా బ్యాటరీ కరెంటు నేరుగా దాని మీద పడుతుంది, ఫ్యూజు కాలే లోపే అది కాలిపోతుంది. ఇంజన్ బాగా అదిరినప్పుడు మాత్రమే అవి తగులుతున్నందువల్ల కొత్త ఈసీఎం పంతొమ్మిది రోజులైనా బతికింది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు నాలుగు రోజులు కదలకుండా ఉంటే బానెట్ కింద ఏం కాపురం పెడుతుందో హైదరాబాద్ వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

స్కానర్ చూపే కోడ్ ఫలానా సర్క్యూట్‌లో తేడా ఉందని చెబుతుందే తప్ప, ఆ సర్క్యూట్‌లో చెడింది కాయిలా, తీగా, తీగల చివర బిగించే కప్లరా, ఈసీఎమ్మా అన్నది చెప్పదు. అది తేల్చవలసింది మల్టీమీటరు పట్టిన మనిషి. ఈసీఎంకు కప్లర్ తీసి, తీగలను కదుపుతూ ఒకదానికొకటి, ఎర్త్‌కూ తగులుతున్నాయేమో చూడటానికి పావుగంట పట్టదు. ఇంజన్ నడుస్తుండగా ఈసీఎం ఎర్త్ తీగకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ కొలిస్తే అది 0.1 వోల్టును మించకూడదు. మించితే ఎర్త్ పాయింట్ తుప్పు పట్టడమో వదులవడమో జరిగిందనే. సెన్సర్లకు ఈసీఎం పంపే 5 వోల్టులు పడిపోతే, ఒక్కో సెన్సర్ కప్లర్ ఊడదీస్తూ పోతే షార్ట్ అయిన సెన్సర్ ఎక్కడుందో దొరుకుతుంది. ఒక్క సెన్సర్ షార్టయినా మిగతా సెన్సర్ల కోడ్లు కూడా వరుసగా వచ్చిపడతాయి, చూసినవాళ్లు మొత్తం కంప్యూటరే పోయిందనుకుంటారు. ఈసీఎంకు కరెంటు తెచ్చే తీగను మీటరుతో కాక 21 వాట్ల బల్బుతో చూడాలని నాకు ఆ ఎలక్ట్రీషియనే చెప్పాడు. తీగ లోపల తుప్పు పట్టి నిరోధం పెరిగినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు మాత్రం సరిగా వెలగదు. తరగతి గదిలో నేను ఏనాడూ ఇంత సూటిగా చెప్పలేదు.

స్కానర్‌కు ఈసీఎం అసలు పలకకపోయినా అది చచ్చినట్టు కాదు. ఈసీఎంకు కరెంటు కలిపే మెయిన్ రిలే, ఫ్యూజు, బ్యాటరీ ముందు చూడాలి. తరువాత బ్యాటరీ తీసి, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య నిరోధం కొలవాలి. ఆ రెంటి మీద క్యాన్ తీగలు (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జంట తీగలు) వచ్చే కార్లలో అది సుమారు 60 ఓమ్‌లు ఉండాలి. 120 వచ్చిందంటే ఎక్కడో తీగ తెగిందని, సున్నాకు దగ్గరగా వచ్చిందంటే రెండూ కలిశాయని అనుకోవచ్చు. వీటిలో ఏ ఒక్కదానికీ లక్షల ఖరీదు చేసే యంత్రం అక్కరలేదు.

ఇక మార్చడం తప్పదని తేలినా, పెట్టె విప్పి పెట్టె బిగించినంత తేలిక కాదు. పార్ట్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు కలవాలి, తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్‌తో కొత్తది జతపడాలి, లేకుంటే సెల్ఫ్ తిరుగుతుంది గానీ బండి స్టార్ట్ కాదు. పాత కార్ల నుంచి తీసిన ఈసీఎంలు సగం ధరకే దొరుకుతాయి. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్ని కార్లు సెల్లార్లలో మునిగాయో అందరమూ చూశాం. నీళ్లు తాగిన బోర్డు పైకి శుభ్రంగా కనిపించి కొన్ని నెలలకు లోపల పచ్చగా చిలుము పడుతుంది, కాబట్టి మూత తీసి చూడనిదే అలాంటిది కొనకూడదు. నా రెండో ఈసీఎంను పడేయకుండా కాలిన ట్రాన్సిస్టర్ ఒక్కటే మార్పించాను, 6,500 రూపాయలయింది. లోపలి డేటా అలాగే ఉంది కాబట్టి కోడింగ్ అవసరం రాలేదు. ముందుగా వైరింగ్ సరిచేయించాను కనుక బండి ఈ రోజుకీ నడుస్తోంది.

స్వతంత్ర గ్యారేజీలకు విడిభాగాలు, పరీక్షా పరికరాలు అందనివ్వడం లేదన్న ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. దానిపై అప్పీళ్ల మాట ఎలా ఉన్నా, కంపెనీ తలుపు మూసుకుంటే వీధి మెకానిక్ ఊహ మీద ఆధారపడవలసి వస్తుందన్న సంగతి అప్పుడే బయటపడింది. 2020 జులై 20 నుంచి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసుకు ఫీజు లేదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ నా బిల్లులో ‘ఈసీఎం మార్పు’ అన్న రెండు మాటలే ఉన్నాయి. ఏ పరీక్ష చేశారో, ఎంత వోల్టేజీ వచ్చిందో ఎక్కడా లేదు. పాత వస్తువు కూడా చేతిలో లేనప్పుడు కమిషన్ ముందు నేను దేనిని చూపించాలి?

అందువల్ల రవాణా శాఖ, వినియోగదారుల వ్యవహారాల శాఖ కలిసి ఒక చిన్న నిబంధన తేవాలని కోరుతున్నాను. ఈసీఎం మార్చమని చెప్పే ప్రతి వర్క్‌షాపు జాబ్ కార్డు మీద సెల్ఫ్ తిప్పేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ, ఎర్త్ దగ్గర తేడా, సెన్సర్ల 5 వోల్టుల సరఫరా, సంబంధిత తీగల పరీక్షా ఫలితం రాసి యజమాని సంతకం తీసుకోవాలి. మార్చిన పాత ఈసీఎంను, యజమాని వద్దని రాసిస్తే తప్ప, బిల్లుతో పాటు తిరిగి ఇవ్వాలి. నిబంధన వచ్చేలోగా, ఈ నాలుగు అంకెలు రాసిమ్మని వర్క్‌షాపులో అడగడానికి పాఠకులెవరూ మొహమాటపడవద్దని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
వనస్థలిపురం, హైదరాబాద్.