లంగరు తెగిన రాత్రి ఫోన్ ఎత్తేదెవరు?

గౌరవనీయులైన కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నంలో టగ్‌ల మీద పనిచేసి రిటైరైన సరంగుని. కలాసీగా చేరాను, సరంగుగా దిగాను. పెద్ద ఓడలకు తాడు కట్టి లాగడం, పక్క నుంచి నెట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు. ఢిల్లీకి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. తెలుగులోనే రాస్తున్నాను, ఎవరితోనైనా చదివించుకోగలరు.

2020 అక్టోబరు 13 తెల్లవారుజామున మా ఊరి తెన్నేటి పార్కు కింద ఒక ఓడ ఒడ్డుకెక్కింది. పేరు ఎం.వి. మా. బంగ్లాదేశ్ ఓడ. పొడవు సుమారు 80 మీటర్లు, మనుషులు 15 మంది. ఆ రోజు తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. బయట సముద్రంలో లంగరేసుకుని ఉన్న ఆ ఓడకు గాలి దెబ్బకు లంగరు తెగింది. తెల్లారేసరికి కైలాసగిరి కింద బండల దగ్గర ఆగి ఉంది. దేవుడి దయవల్ల 15 మందీ క్షేమంగా దిగారు.

వాన ఇంకా తగ్గకముందే గొడుగేసుకుని వెళ్లాను. అప్పుడు కరోనా రోజులు, అందరి ముక్కులకూ మాస్కులు. పార్కు గోడ దగ్గర జనం ఫొటోలు తీసుకుంటున్నారు. నేను చూసింది వేరు. అల వచ్చినప్పుడల్లా ఓడ జానెడు లేస్తోంది, అల వెనక్కి పోగానే మళ్లీ పడుతోంది. పడ్డప్పుడు అడుగు నుంచి ఒక చప్పుడు. ఖాళీ డ్రమ్మును సుత్తితో కొడితే వస్తుందే, అలాంటిది. టగ్ మీద పనిచేసినవాడికి ఆ చప్పుడు వింటే కడుపులో తిప్పుతుంది. ఇనప రేకు బండ మీద ఎన్నిసార్లు పడగలదు? పదిసార్లు, వందసార్లు. రోజంతా అలలు ఆగవు కదా.

నా పక్కన జోడుగుళ్లపాలెం జాలరి ఒకాయన నిలబడ్డాడు. "అన్నా, దీన్ని ఈ రోజే పట్టుకుంటే వస్తాది, రేపటికి రాదు" అన్నాడు. ఆయన ఏ మెరైన్ కాలేజీలోనూ చదవలేదు.

తర్వాత ఓడలోని నూనె తోడారు, టగ్‌లతో లాగి చూశారు, ఓడ మళ్లీ తేలలేదు. రాష్ట్ర పర్యాటక శాఖ దాన్ని అక్కడే రెస్టారెంట్‌గా మారుస్తామంది. మా ఊళ్లో దానికి ఒక పోలిక ఉంది లెండి, కురుసురా జలాంతర్గామిని ఆర్కే బీచ్‌లోకి లాక్కొచ్చి 2002లో మ్యూజియం చేశారు. కానీ కురుసురాను మనం రమ్మన్నాం. దీన్ని ఎవరూ రమ్మనలేదు. ఏళ్లు గడిచాయి, తుప్పు పెరిగింది, ఎదురుగా మురీ మిక్చర్ బండ్లూ పెరిగాయి. ఆ డెక్ మీద కూర్చుని ఎవరైనా కాఫీ తాగారని మాత్రం నేను వినలేదు.

రెస్టారెంట్ సంగతి మీ శాఖది కాదు, నాకు తెలుసు. నేను రాస్తున్నది మొదటి రెండు మూడు రోజుల గురించి.

మీకు సలహాదారులు చాలామంది ఉంటారు. అయినా తాడు పట్టుకున్నవాడి లెక్క ఒకటి చెప్పనివ్వండి. ఓడ ఒడ్డుకెక్కేది మామూలుగా తుఫాను నీటి మట్టం మీద, అంటే సముద్రం పొంగి ఉన్నప్పుడు. గాలి తగ్గగానే ఆ నీళ్లు వెనక్కి పోతాయి, ఓడ అక్కడే ఉంటుంది. 80 మీటర్ల ఓడకు చుట్టూ నీళ్లు ఒక్క సెంటీమీటరు తగ్గితే ఎనిమిది తొమ్మిది టన్నుల బరువు నేల మీదికి దిగుతుంది. మీటరు తగ్గితే ఎనిమిది తొమ్మిది వందల టన్నులు. రేవులో తిరిగే మంచి టగ్ లాగగలిగేది 50, 60 టన్నులు. పైగా అది రేవులోపల నిదానమైన నీళ్లలో పనికొచ్చే టగ్. అలల్లో ఒడ్డు దగ్గరికి వెళితే అదే రెండో ఓడై కూర్చుంటుంది.

అందుకే ఈ పని తెలిసినవాళ్లు ముందు లాగరు. ముందు ఓడను కూర్చోబెడతారు. బాలాస్ట్ ట్యాంకుల్లోకి నీళ్లు నింపి బరువెక్కిస్తారు, అల వచ్చినా లేచి పడకుండా, ఇంకా లోపలికి పోకుండా. తర్వాత సముద్రం వైపు పెద్ద లంగర్లు దింపి, వాటికి వైరు కట్టి, వించి అనే తాడు చుట్టే యంత్రంతో బిగించి ఉంచుతారు. నూనె తోడతారు. చిక్కటి ఫర్నేస్ ఆయిల్ అయితే దాన్ని వేడిచేస్తే గాని పంపుకు ఎక్కదు. ఇవన్నీ చేసి పోటు కోసం కాచుకుని, నిండు పోటులో నీళ్లు ఖాళీ చేసి, ఓడ తేలిక కాగానే లాగుతారు. ఎం.వి. మా ఒడ్డెక్కిన మూడు రోజులకే, 16న అమావాస్య. అమావాస్య పోటు ఎప్పుడొస్తుందో పంచాంగం చూసినవాళ్లందరికీ తెలుసు. ఆ పోటుకు సిద్ధంగా ఉండాలంటే 13వ తేదీ పొద్దున్నే పని మొదలవ్వాలి. అది పోతే పౌర్ణమి దాకా ఆగాలి, ఈలోపు బండలు తమ పని తాము చేసుకుపోతాయి.

సూయెజ్ కాలువలో ఎవర్ గివెన్‌ను గుర్తుచేసుకోండి. 2021 మార్చి 23న అడ్డం తిరిగింది. 400 మీటర్ల ఓడ, అందులో పనిచేసే 25 మందీ మన భారతీయులే. 30 వేల ఘనపు మీటర్ల ఇసుక తోడి, టగ్‌లు తెప్పించి, పౌర్ణమి పోటు చూసుకుని 29న కదిలించారు. ఆరు రోజులు. వెనక నాలుగు వందల ఓడలు బారులు తీరి నిలబడి ఉంటే ప్రపంచమంతా పరుగెత్తింది. తెన్నేటి పార్కు ముందు బారులు తీరింది ఫొటోలవాళ్లు మాత్రమే. మా ఓడకు అందులో నాలుగో వంతు తొందర చూపించినా బాగుండేది.

తొందర లేకపోతే ఏమవుతుందో మారిషస్ చూసింది. అదే 2020లో, జులై 25న వకాషియో అనే జపాన్ వాళ్ల ఓడ పగడపు దిబ్బ ఎక్కింది. పన్నెండు రోజులు నూనె లోపలే ఉంది. ఆగస్టు 6న కారడం మొదలైంది. సుమారు వెయ్యి టన్నులు దిబ్బకూ ఒడ్డుకూ మధ్య ఉండే లాగూన్ నీళ్లలోకి పోయింది. 15న ఓడ రెండు ముక్కలైంది. ఊళ్లోవాళ్లు చెరకు ఆకులు గోనెల్లో కూరి, నూనెకు అడ్డుగా తేలే తాళ్లు సొంతంగా కుట్టుకున్నారు. ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు భీమిలి జాలరి ఆడవాళ్లు కళ్ల ముందు మెదిలారు. పన్నెండు రోజులంటే తక్కువా అండీ?

మన అనుభవం మాత్రం తక్కువేం కాదు. గోవాలో కాండోలిమ్ బీచ్ ముందు రివర్ ప్రిన్సెస్ 2000 జూన్ 6న ఒడ్డెక్కింది. ఇనుప ఖనిజం మోసే 240 మీటర్ల ఓడ. ఓనరు తీయాలా, ప్రభుత్వం తీయాలా, టెండరు ఎవరికివ్వాలి అనుకుంటూ పన్నెండేళ్లు గడిపారు. అది ఒడ్డెక్కిన ఏడాది బడిలో వేసిన పిల్లాడు ఇంటర్ పూర్తిచేసేంత కాలం. ముంబయిలో 2011లో రెండు: జూన్‌లో విజ్‌డమ్, జులై 31న పవిత్. పవిత్ సంగతి తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒమన్ దగ్గర మనుషులు దిగిపోయిన ట్యాంకరు నెలరోజులు అరేబియా సముద్రంలో ఒంటరిగా తేలుతూ వచ్చి, ఎవరి కంటా పడకుండా జుహూ బీచ్‌లో దిగింది. అది కూడా 2008లో ముంబయి మీదికి టెర్రరిస్టులు సముద్రం మీదుగానే వచ్చిన మూడేళ్లలోపు.

అయినా ఒక మంచి మాట చెప్పాలి, ఆ రెండింటినీ వారాల్లోనే తేల్చి తీసుకుపోయారు. అంటే మనకు చేతకాక కాదు.

చెన్నై సంగతి చెప్పడానికి నాకు చెయ్యాడదు. 2012 అక్టోబరు 31, నీలం తుఫాను. ప్రతిభా కావేరి అనే ట్యాంకరు లంగరు ఆగక ఇలియట్స్ బీచ్‌కు కొట్టుకొచ్చింది. భయపడి లైఫ్‌బోట్ దింపారు, అది తిరగబడింది, ఆరుగురు పోయారు. ఓడను రెండు వారాల్లోపే తేల్చారు. ఓడ దక్కింది, కుర్రాళ్లు దక్కలేదు. ఒడ్డు నుంచి చూస్తే కనిపించేంత దగ్గర. ఆ ఓడ తుఫానుకు ముందే ఇంధనం చాలక లంగరు మీద పడి ఉందని అప్పట్లో వార్తలొచ్చాయి. నా మాట ఒకటే, ఇంజన్ తిప్పడానికి నూనె లేని ఓడ తుఫాను దారిలో ఎందుకు ఉండాలి? వాయుగుండం కబురు మనకు రెండు మూడు రోజుల ముందే వస్తుంది. లంగరు దగ్గర ఏ ఓడ ఉంది, ఇంజన్ నడుస్తుందా, నూనె ఉందా, లంగరు చైన్ ఎలా ఉంది అని ఫోన్ చేసి అడగడానికి ఒక పూట చాలు. కదల్లేని ఓడ ఉంటే సముద్రం మామూలుగా ఉన్నప్పుడే లాక్కొచ్చి రేవులో కట్టేయొచ్చు.

ఇక చట్టం. మునిగిన, ఒడ్డెక్కిన ఓడల తొలగింపు మీద నైరోబీ ఒప్పందంలో మన దేశం 2011లోనే చేరింది. ఖర్చు ఓనరుదే అని, 300 టన్నేజీ పైనున్న ఓడ దీనికి బీమా చేయించుకోవాల్సిందే అని అది చెబుతుంది. 2025లో 1958 నాటి చట్టం తీసేసి కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం తెచ్చారు. సంతోషం. కేరళలో అదే ఏడాది మే నెలలో ఎం.ఎస్.సి. ఎల్సా 3 మునిగి 640 కంటెయినర్లు పోతే, ఆ రాష్ట్రం 9,531 కోట్ల పరిహారం కోరుతూ హైకోర్టుకెళ్లింది. డబ్బు ఎవరు కట్టాలన్న దానికి దారులున్నాయి. కానీ రాత్రి రెండింటికి లంగరు తెగితే "టగ్ పంపు, ఖర్చు తర్వాత చూద్దాం" అనే మనిషి ఎవరు? నా సర్వీసులో ఇలాంటి రాత్రి ఒకటి చూశాను. ఏ ఓడ, ఏ ఆఫీసు అన్నది ఇప్పుడు అనవసరం. తాడు సిద్ధం, ఇంజన్ వేడి, మనుషులు రెడీ. ఆర్డర్ కోసం మూడు గంటలు రేడియో పట్టుకుని కూర్చున్నాం. ఓనరు ఏజెంటును అడగమన్నాడు, ఏజెంటు బీమా వాళ్లను అడగాలన్నాడు, వాళ్ల దేశంలో అప్పటికి ఆఫీసు తెరవలేదు. ఆ రాత్రి గాలి దిశ మారి ఓడ తనంతట తాను బతికింది. మాకు మర్నాడు టీ కూడా ఎవరూ ఇప్పించలేదు, అది వేరే సంగతి.

బ్రిటన్ వాళ్లకూ ఈ బాధ వచ్చింది. 1996 ఫిబ్రవరిలో సీ ఎంప్రెస్ అనే ట్యాంకరు వేల్స్‌లో మిల్‌ఫర్డ్ హేవెన్ రేవు ముందు బండలెక్కింది. దాన్ని తేల్చే వారం రోజుల్లో 72 వేల టన్నుల ముడిచమురు సముద్రం పాలైంది. ఒక పెద్ద జడ్జి గారితో విచారణ చేయించి, 1999లో ఒక పదవి పెట్టారు. ఆ అధికారి మంత్రి తరఫున ఉంటాడు గాని, పని నడుస్తున్నంతసేపూ మంత్రి కూడా అడ్డం రాకూడదు. ఓనరు, ఆపదలో పడ్డ ఓడలను కాపాడే సాల్వేజ్ కంపెనీ, రేవు, అందరికీ ఆయన మాటే ఆఖరు. మీకు చేదుగా ఉండొచ్చు, మంత్రి చేతిలో పని మంత్రే ఇంకొకరికి అప్పగించడం. కానీ రాత్రి రెండింటికి మీరు ఎలాగూ నిద్రలో ఉంటారు కదా సార్.

నేను అడుగుతున్నది అదే. తూర్పు తీరానికి అలాంటి అధికారి ఒకరు కావాలి. కలెక్టరు, రేవు ఛైర్మన్, కోస్ట్ గార్డ్, ఓడల వ్యవహారాలు చూసే డీజీ షిప్పింగ్ ఆఫీసు అందరూ వినేలా కాగితం మీద అధికారం ఉండాలి. ఓడలో పనిచేసినవాడై ఉండాలి, సముద్రం చూడని ఫైళ్ల మనిషి వద్దు. దాంతోపాటు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా లోతు సముద్రంలో లాగగలిగే పెద్ద టగ్ ఒకటి విశాఖలో ఉండాలి. పొద్దున రేవులో పని, రాత్రికి ఎమర్జెన్సీ అనేది కుదరదు, అది ఈ పనికే ఉండాలి. సాల్వేజ్ కంపెనీతో రేట్లు ముందే మాట్లాడి సంతకాలు చేసి పెట్టుకోవాలి. ఓడ బండల మీద ఉన్నప్పుడు బేరం ఆడితే ధర ఎవరు చెబుతారో మీకు నేను చెప్పక్కర్లేదు. లండన్ పద్ధతిలో "పని అయితేనే డబ్బు" అనే ఒప్పందం వందేళ్లకు పైగా నడుస్తోంది, అదైనా పర్వాలేదు. మొదటి గంటలో సంతకం పడాలి, అంతే.

ఖర్చు అంటారేమో. టగ్‌ను మూడు నెలలు ఊరికే కట్టి ఉంచితే ఆడిట్ వాళ్లు అడుగుతారు, అవును. ఫైరింజన్ కూడా చాలా రోజులు ఊరికే నిలబడి ఉంటుంది. దాన్ని ఎవరూ అమ్మేయమనరు.

ఆ అధికారిని వేసిన రోజున, ఆయన ఫోన్ నంబరు ఒక్కటి భీమిలి నుంచి జోడుగుళ్లపాలెం, పూడిమడక, ఉప్పాడ, కృష్ణపట్నం దాకా జాలరి పేటల్లో గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఓడ జారుతున్నట్టు ముందు కనిపెట్టేది ఎప్పుడూ వాళ్లే. అటువైపు ఎత్తేవాడికి తెలుగు వచ్చి ఉంటే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టగ్ సరంగు,
విశాఖపట్నం